ఎండలో రూపచిత్రము : తోడువెలుగు చరిత్ర

సూర్యుని తేజస్సును భరింపజాలక సంజ్ఞాదేవి తన నీడను తన రూపమున నిలిపి పుట్టింటికి వెడలినదనియు, ఆ నీడయే ఛాయాదేవి యనియు పురాణకథ. కుమార్తె కష్టమును గ్రహించిన విశ్వకర్మ అల్లుని తిరుగుడు యంత్రముపై నిలిపి, తేజస్సును కొంత చెక్కివేసి, ఓర్వదగినంత మాత్రమే మిగిల్చెను. కాకతీయుల కాలపు కవి మారన తెనిగించిన మార్కండేయపురాణమున ఈ కథ కలదు. ఆరుబయట మనిషి ముఖమును చిత్రింపబూనిన ఫోటోగ్రాఫరు చేయవలసిన పనియు ఇంచుమించుగా ఇదియే. సూర్యుడు లేనిదే చిత్రము లేదు. సూర్యుని ఉన్నవానిని ఉన్నట్లు విడిచినచో ముఖము లేదు.

ఫోటోగ్రఫీ యను మాటకు వెలుగుతో వ్రాయుట యని గ్రీకు భాషలో అర్థము. మనవారు దానినే ఛాయాచిత్రమనిరి. వెలుగును చెప్పవలసినచోట నీడను చెప్పిరని తొందరపడి నవ్వరాదు. సంస్కృతమున ఛాయ యనగా నీడయే కాక కాంతియు, మేనివన్నెయు, ప్రతిబింబమును గూడ. తెలుగున చామనచాయ యనునప్పుడు మనము తలచునది నీడను కాదు, ఒక ఒంటిరంగును. ఈ అర్థములన్నియు ఒక్కచోట కలియు శిల్పము రూపచిత్రము. ఎండ కన్నులక్రింద పరచిన నీడను మేనివన్నెకు హాని కలుగకుండ ఎంతవరకు తొలగింపవచ్చును? ఈ ప్రశ్నకు సుమారు నూట ఎనుబది ఏండ్లుగా ఫోటోగ్రాఫర్లు చెప్పుచు వచ్చిన సమాధానములే తోడువెలుగు చరిత్ర. ముఖ్యమగు వెలుగు సూర్యునిది. అది చేరని పల్లములకు వేరొక వైపునుండి పంపబడు చిన్న వెలుగును ఇచట తోడువెలుగని పిలుచుచున్నాము. అది అద్దము కావచ్చును, తెల్లగుడ్డ కావచ్చును, క్షణమాత్రము మెరయు ఫ్లాష్ కావచ్చును.

దీని అవసరము అన్ని దేశములందు ఒక్కతీరుగ లేదు. ఈ సంగతిని ఫోటోగ్రఫీ గ్రంథములు తగినంతగా చెప్పలేదు. సూర్యుని వెనుకకు ఉంచుకొని నిలువవలెనని తొలినాటి చిన్న కెమెరాల సూచనల పుస్తకములు బోధించినవి. ఉత్తరదేశములకు అది చక్కని సలహాయే. ఎడింబరో నగరము 56వ అక్షాంశముపై నున్నది. అచట సంవత్సరములో మిక్కిలి ఎత్తునకు ఎక్కిన సూర్యుడు, అనగా జూను 21 నాటి మధ్యాహ్నసూర్యుడు, క్షితిజమునకు 57½ డిగ్రీల ఎత్తున మాత్రమే ఉండును. చెన్నపట్నము 13వ అక్షాంశమున నున్నది. అచట మిక్కిలి తక్కువ ఎత్తున నుండు మధ్యాహ్నసూర్యుడు, అనగా డిసెంబరు నాటివాడు, 53½ డిగ్రీలు ఎక్కును. వారి నడివేసవికిని మన నడిచలికాలమునకును భేదము నాలుగు డిగ్రీలు! ఈ సంపుటమున ప్రస్తావింపబడు తెలుగుల స్థావరములను పటముపై చూచినచో, మధుర 10, బెంగళూరు 13, యానాం 16¾, షోలాపురము 17⅔, బరంపురము 19⅓ అక్షాంశముల చెంత నున్నవి. అన్నియు కర్కటరేఖకు దక్షిణముననే. కావున ఈ ఊళ్లన్నిటను ఏటికి రెండుమార్లు సూర్యుడు సరిగా నడినెత్తిని నిలుచును. బెంగళూరున ఏప్రిల్ 24, ఆగస్టు 18 తేదీల ప్రాంతమున, హైదరాబాదున మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతమున నిట్టనిలువుగా పాతిన కర్రకు మధ్యాహ్నవేళ నీడయే పడదు. కర్రకు లేని నీడ ఆ క్షణమున మనిషి ముఖముపై నుండును. కనుబొమల క్రింద రెండు నల్లని గుంటలు, ముక్కు క్రింద ఒక మచ్చ, తలపాగా గలవానికి సగము ముఖమే చీకటి. సూర్యుడు వీపువెనుక ఉండవలెనన్న సూత్రము ఇట్టిచోట ఏమి చేయగలదు? సూర్యునికి ఇచట వెనుకయు లేదు, ముందును లేదు.

అయినను ఈ విద్య ఆరుబయటనే పుట్టినది. 1839లో ఫిలడెల్ఫియా నగరమున రాబర్టు కొర్నీలియసు అను యువకుడు తన కుటుంబపు దుకాణము వెనుక ఎండలో కెమెరా నిలిపి, దానియెదుట తానే కూర్చుండి తన రూపమును తీసికొనెను. ఆ కుటుంబము చేయునది దీపముల వ్యాపారము. దీపములమ్మువాడు సైతము ఆనాడు వెలుగు కొరకు పెరటిలోనికి పోక తప్పలేదు. మరుసటి యేడు మార్చిలో న్యూయార్కున అలెగ్జాండరు వొల్కాటు రూపచిత్రశాలను తెరచి, గోడ వెలుపల పెద్ద అద్దములు అమర్చి సూర్యకిరణములను లోనికి మరల్చెను. కూర్చున్నవారి కన్నులు చెదరకుండుటకై ఆ వెలుగును నీలిరంగు వడపోతగుండ పంపెను. ఆనాటి ప్లేట్లకు నీలికాంతియే ముఖ్యముగా సోకెడిది. ఇతరవర్ణములను ఆపినందువలన చిత్రమునకు నష్టము స్వల్పము, కంటికి సుఖము మిక్కిలి. సూర్యుని చెక్కుటలో ఇది తొలి యత్నము.

దీనికంటె సూక్ష్మమైన పని ఎడింబరోలో జరిగెను. 1843లో స్కాట్లండు మతసంస్థ చీలినప్పుడు, ఆ సభలో పాల్గొన్న వందలకొలది మతాచార్యులను ఒకే పెద్ద పటమున చిత్రింపదలచిన చిత్రకారుడు డేవిడ్ ఆక్టేవియస్ హిల్, వారి పోలికలకొరకు రాబర్టు ఆడమ్సను అను యువ ఫోటోగ్రాఫరుతో చేయి కలిపెను. కాల్టన్ కొండపై రాక్ హౌస్ అను ఇంటి వెలుపల కుర్చీలు, తెరలు, పుస్తకములు అమర్చి, ఇంటిలోపలి దృశ్యమువలె భ్రమ కల్పించి, నిజమునకు ఎండలోనే వారు చిత్రములు తీసిరి. నీడపడిన వైపునకు వెలుగు చేర్చుటకై పుటాకారపు అద్దము నుపయోగించిరి. ఆడమ్సను 1848లో చిన్నవయసుననే మరణించెను. పటము 1866 వరకు పూర్తికాలేదు. నేడు ఆ పటమును తలచువారు కొలదిమంది. ఆ చిత్రములలోని ముఖములను, న్యూహేవెను పల్లెకారుల ముఖములను, లోకము మరువలేదు.

భారతదేశమునకు ఈ విద్య త్వరితముగనే చేరెను. బొంబాయిలో 1854లోను, కలకత్తా, మద్రాసులలో 1856లోను ఫోటోగ్రఫీ సంఘములు ఏర్పడినవి. ఇచట రెండు చిక్కులు ఒక్కసారిగా ఎదురైనవి. ఒకటి పైని చెప్పిన నడినెత్తి సూర్యుడు. రెండవది ప్లేటు స్వభావము. కొలోడియను ప్లేటు నీలిని తెల్లగా చూచును. ఎరుపు, పసుపు, గోధుమవన్నెలు దానికి చీకటితో సమానము. కావున చామనచాయ ముఖము కంటికి కనబడుదానికంటె నల్లగా చిత్రమున పడెడిది. 1873లో జర్మనీయుడు ఫోగెల్ రంగులు కలిపి ప్లేటు దృష్టిని పెంచు మార్గము కనిపెట్టెను. అన్ని వర్ణములను చూడగల ప్లేట్లు అంగడికి వచ్చుటకు 1906 వరకు పట్టెను. అంతవరకు మనదేశపు ముఖములపై రెండు నీడలు పడుచుండెను: ఒకటి సూర్యుడు వేసినది, రెండవది రసాయనము వేసినది.

ఆ కాలముననే ప్రభుత్వము జనులను వర్గీకరింప బూనుకొనెను. 1868 నుండి 1875 వరకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘పీపుల్ ఆఫ్ ఇండియా’, 1909లో ఎడ్గరు థర్‌స్టను, కె. రంగాచారి కలిసి ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణదేశ కులముల గ్రంథము ఇందుకు సాక్ష్యములు. తమిళదేశమున స్థిరపడిన తెలుగుమాటల తొట్టియరులవంటి వారి వృత్తాంతములు కూడ థర్‌స్టను గ్రంథమున కలవు. ఆ శ్రమను తక్కువ చేయరాదు. పరిశోధకులందరును దానికి ఋణపడినవారే. కాని ఒక్కమాట చెప్పక తప్పదు. జాతికి మచ్చు చూపుటయే ఉద్దేశమైనచోట మనిషి కంటిలో వెలుగు ఉన్నదా లేదా యను విచారము పుట్టదు. తలపాగాయు, నగలును, నిలువు కొలతయు స్పష్టముగా పడిన చాలును. రూపచిత్రమున కట్లు కాదు. అందు పేరుగల మనిషి కూర్చుండును. అతని కన్నులు కనబడనిచో పని చెడినట్లే.

ఈ భేదమును చక్కగా నెరిగినవాడు రాజా దీనదయాళ్. 1844లో సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరు సంస్థానమున కొలువుచేయుచు 1870ల దశకమున కెమెరా పట్టెను. తరువాత హైదరాబాదు చేరి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఫోటోగ్రాఫరై, సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పెను. ముసవ్విర్ జంగ్ బిరుదము పొందెను. 1905లో కాలధర్మము చెందెను. వేట, సైనిక విన్యాసము, విందు మున్నగు సందర్భములలో ఆయన తీసిన గుంపు చిత్రములు పెక్కు ఆరుబయటివి. ఇట్టి చిత్రములను చూచునప్పుడు జనులను ఎచట నిలిపిరో గమనింపవలెను. మెట్లు, వసారా అంచు, డేరా ముంగిలి వంటి చోట్ల పైనుండి పడు ఎండను కప్పు ఆపును, ఎదుటి ఆకాశమునుండియు నేలనుండియు మెత్తని వెలుగు ముఖమునకు చేరును. ఫ్లాష్ లేని కాలమున వసారాయే తోడువెలుగు. సున్నము కొట్టిన గోడయు, ఇసుక పరచిన ముంగిలియు ఆ పనినే చేయును. మన పాతయిండ్ల అరుగులపై తీసిన కుటుంబచిత్రములు ఎక్కువగా చక్కగా వచ్చుటకు కారణమిదియే; గొప్ప కెమెరాలు కావు.

మద్రాసున స్థిరపడిన తెలుగువారిలో ఈ వెలుగుపని నుండి ఒక పెద్ద పరిశ్రమకే దారి తీసినవాడు రఘుపతి వెంకయ్యనాయుడు. మచిలీపట్నమువాడు, మద్రాసున ఫోటో స్టూడియో నడపి జీవించినవాడు. 1910 ప్రాంతమున బొమ్మతోపాటు ధ్వనిని వినిపించు క్రోనోమెగాఫోను యంత్రమును కొని ఊరూర ప్రదర్శించెను. 1921లో ఆయన కుమారుడు ప్రకాశ్ ‘భీష్మప్రతిజ్ఞ’ మూకీచిత్రమును తీసెను. మూకీల కాలమున వెలుగు ప్రధానముగా సూర్యునిదే. ఎండను తెల్లగుడ్డతో వడగట్టుటయు, వెండికాగితము అంటించిన పలకలతో నటుని ముఖమునకు మరల్చుటయు సినిమావారికి నిత్యవిద్యలైనవి. ఆరుబయటి చిత్రీకరణములలో ఆ రిఫ్లెక్టరు పలకను పట్టి ఎండలో గంటలకొలది నిలిచిన కూలివాని పేరు ఏ చిత్రపు పేర్ల పట్టికలోను కానరాదు.

ఇక కృత్రిమకాంతి. 1851లోనే ఇంగ్లండున టాల్బటు విద్యుత్తు మెరపుతో, వేగముగా తిరుగు చక్రముపై అంటించిన వార్తాపత్రికను స్పష్టముగా చిత్రించెను. కాని అది ప్రయోగశాలను దాటి రాలేదు. 1860ల దశకమున మెగ్నీషియము తీగ, 1887లో జర్మనీయులు మీథే, గేడికె కూర్చిన ఫ్లాష్ పొడి వచ్చినవి. పొడి భగ్గుమని మండి తెల్లని పొగ విడుచును. చేతులు కాలుటయు, తెరలు అంటుకొనుటయు అరుదు కాదు. న్యూయార్కు పేదలవాడల చీకటిగదులను జేకబు రీస్ 1888 మొదలుకొని లోకమునకు చూపినది ఈ పొడితోనే.

చీకటిలో ఇంత ఉపకారము చేసిన పొడి ఎండలో ఏల అక్కరకు రాలేదు? ఈ ప్రశ్నను అడుగువారు తక్కువ. కాని చరిత్ర కీలకము అందే యున్నది. పొడిని వాడుపద్ధతి ఇట్టిది: మొదట కెమెరా కన్ను తెరతురు, తరువాత పొడి వెలిగింతురు, పిమ్మట కన్ను మూయుదురు. చీకటిలో కన్ను రెండు క్షణములు తెరచియుండినను బాధలేదు. నడియెండలో అంతసేపు తెరచినచో ప్లేటు తెల్లబోవును. షట్టరు తెరచుకొను శతాంశక్షణమునందే మెరపు కూడ మెరయవలెను. ఈ రెంటిని ముడివేయు ఉపాయము దొరకువరకు ఎండలో ఫ్లాష్ అసాధ్యము. 1929లో జర్మనీలో వాక్యుబ్లిట్జ్ అను ఫ్లాష్ బల్బు వచ్చెను, గాజుబుడ్డిలో ప్రాణవాయువు, అల్యూమినియపు రేకు, పొగలేదు, చప్పుడులేదు. మరుసటి యేడు ఇంగ్లండు, అమెరికాలలోను వ్యాపించెను. బల్బునకు విద్యుత్తు తగిలిన పిమ్మట పూర్తి వెలుగునకు వచ్చుటకు క్షణములో ఏబదవవంతు పట్టును. ఆ పాటి ఆలస్యమును లెక్కించి షట్టరు తెరచు యంత్రములు 1930ల దశకమున కుదిరినవి. అప్పటినుండియే పత్రికల ఫోటోగ్రాఫర్లు పట్టపగలు బల్బు వెలిగించుట మొదలిడిరి. చూచువారికి అది పగటిదివిటీవలె తోచి యుండవచ్చును.

ఒక్కొక్క బల్బు ఒక్కమారే వెలుగును. 1931 ప్రాంతమున అమెరికాలో హెరాల్డు ఎడ్జర్టను వాయువు నింపిన గొట్టమున విద్యుత్తును విడిచి, మరల మరల మెరయు ఫ్లాష్‌ను సాధించెను. నేటి ఫ్లాష్‌లన్నియు దాని సంతానమే.

దీని లెక్క కొంచెము చెప్పవలెను. ఫ్లాష్ మెరపు షట్టరు వేగముకంటె కురుచ, కావున షట్టరును మార్చినచో ఎండ మాత్రమే తగ్గును హెచ్చును, ఫ్లాష్ మారదు. ఎపర్చరును మార్చినచో రెండును మారును. దూరము రెట్టింపైన ఫ్లాష్ వెలుగు నాలుగవ వంతగును. 100 వేగపు ఫిల్మునకు మంచి యెండలో క్షణములో 125వ వంతు, ఎపర్చరు 16 సరిపోవును. మీటర్లలో 32 గైడు సంఖ్య గల ఫ్లాష్ ఆ ఎపర్చరుకు రెండు మీటర్ల దూరమున ఎండతో సమముగా వెలుగును. తెరషట్టరు గల కెమెరాలలో ఫ్లాష్‌తో వాడదగిన వేగమునకు మితి కలదు. 1954 నాటి ప్రసిద్ధమగు లైకా ఎం3లో అది 50వ వంతు. అప్పుడు ఎపర్చరును 22 దాటి మూయవలసి వచ్చును. అదే ఫ్లాష్ మీటరున్నర దూరమునకైన చాలదు. రేకుల షట్టరు గల కెమెరాలో 500వ వంతు వేగమున ఎపర్చరు 8 చాలును. అదే ఫ్లాష్ నాలుగు మీటర్లు చేరును. ఎండలో రూపచిత్రములు తీయువారు రేకుల షట్టరును విడువకుండుటకు హేతువిది. 1986లో ఒలింపస్ సంస్థ అతివేగపు షట్టరుతోను కలియు ఫ్లాష్‌ను, 1988లో నికాన్ సంస్థ ఎండను తానే కొలిచి తోడువెలుగును తగ్గించుకొను ఫ్లాష్‌ను అంగడికి తెచ్చినవి.

సమముగా వెలిగింపగలుగుట వేరు, వెలిగింపవలెననుట వేరు. ఎండతో సమమైన ఫ్లాష్ ముఖముపైని ఎత్తుపల్లములను తుడిచివేసి కత్తిరించిన కాగితపు బొమ్మను చేయును. ఎండవెలుగులో సగమో, నాలుగవవంతో పంపినచో కన్నులు తెరచుకొనును, నీడ నీడగనే మిగులును. చూచువానికి ఫ్లాష్ వాడినట్లు తెలియరాదు. కూరలో ఉప్పువలె అది కనబడక పనిచేయవలెను. సూర్యుని వీపువైపునకు త్రిప్పి కూర్చుండబెట్టి, ముఖమునకు తోడువెలుగిచ్చుట మరియొక పద్ధతి; జుట్టు అంచు వెలుగును, కన్నులు చికిలింపవలసిన పని తప్పును. మధ్యాహ్నపు ముహూర్తపు పెండ్లిండ్లలో ఫోటోగ్రాఫరును కాపాడునది ఇదియే.

వర్ణచిత్రములు వచ్చిన పిమ్మట నీడలసమస్య మరింత కఠినమయ్యెను. నడియెండకును కంటిగుంటకును వెలుగుభేదము ఎనిమిదిరెట్లు దాటినచోట వర్ణఫిల్ము రెంటిని భరింపలేకపోయెను. మీదుమిక్కిలి, ముద్రణశాలలలో రంగుల సరిచూపునకు 1950ల దశకము నుండి కొడాక్ సంస్థ పంపిన మచ్చుపటములలో కూర్చున్నది తెల్లజాతి స్త్రీ. ఆమె మేనివన్నె సరిగా వచ్చిన ముద్రణము సరియైనట్లు లెక్క. నల్లజాతి, ఆసియాజాతి స్త్రీలు ఆ పటమున చేరుటకు 1990ల దశకము రావలసి వచ్చెను. ఉద్దేశపూర్వకమగు ద్వేషమును ఇందు వెదకనక్కరలేదు. వెదకకున్నను ఫలితము మారదు. మన కుటుంబముల వర్ణచిత్రములలో తెల్లచొక్కాలు మెరసి ముఖములు మసిబారినవన్నచో దోషము కూర్చున్నవారి రంగుది కాదు. అట్టి ఫిల్ముపై చామనచాయ ముఖమునకు తోడువెలుగు అలంకారము కాదు, అవసరము.

నేటి చేతిఫోను వేర్వేరు వెలుగుల చిత్రములను క్షణములో పెక్కు తీసి ఒకటిగా కలిపి నీడలను పైకెత్తును. ఉపయోగమే, కాని కంటిపాపపై తళుకును అది పుట్టింపదు. పాతచిత్రములకు ఆ ఉపకారమును లేదు. నెగెటివుపై వెలుగే సోకనిచోట బొమ్మయే లేదు; ఏ యంత్రముతో ప్రతితీసినను అచట దొరకునది శూన్యము.

బరంపురము మొదలు మధుర వరకు ఇండ్లలోని పాతచిత్రములను సేకరించు పరిశోధకులు కాబట్టి ముఖములతోపాటు వెలుగును కూడ చదువవలెను. కంటిపాపలో నడిమికి దగ్గరగా చిన్న తెల్లచుక్క యున్నచో కెమెరా చెంతనుండి ఫ్లాష్ వెలిగినదనుకొనవచ్చును. వెడల్పైన తళుకు తెల్లగుడ్డకో, వసారా ఎదుటి ఆకాశమునకో గుర్తు. ఏ తళుకును లేనిచో ఒంటి ఎండ. పట్టపగటి చిత్రమున ఫ్లాష్ చుక్క కానవచ్చినచో, అది 1930ల దశకమునకు పూర్వపుదై యుండుట మిక్కిలి అరుదు. వెనుక వ్రాసిన తేదీని అనుమానింపవలెను. పాదములచెంత నీడ నిలువెత్తుతో సమముగా నున్న సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున నున్నట్లు. ఇంటి ముఖద్వారము దిక్కు తెలిసినచో ఉదయమో సాయంకాలమో తేల్చవచ్చును. ఇందుకై ప్రతులు తీయునప్పుడు ముఖములవరకే కత్తిరింపక, నేలయు, పాదములును, అంచులును పూర్తిగా రానీయవలెను.